ఆయుష్షులో విత్తనమెంత? నేలయెంత?

పెద్దలకు మ్రొక్కిన పిల్లలను "నూరేండ్లు చల్లగా బ్రతుకు" అని దీవించటం మన ఇండ్లలో వాడుక. తొంబది దాటిన ముసలివాడు చేతికర్ర లేకుండా నడుస్తూ కనిపిస్తే "వాళ్ల వంశమే అటువంటిది, వాళ్ల తాత కూడా అట్లే బ్రతికినాడు" అంటారు. చిన్న వయస్సులో ఎవరైనా పోతే "ఆయుష్షు అంతే వ్రాసి ఉన్నది" అని గుండె దిటవు చేసుకొంటారు. మొదటి మాట కోరిక. రెండవది వంశపారంపర్యాన్ని గురించిన అభిప్రాయం. మూడవది తలరాతపై నమ్మకం. వీటిలో రెండవ మాటను విజ్ఞానశాస్త్రం చేతికి తీసుకొని కొలిచి చూచింది. ఆ కొలతలో తేలిన ఫలితాలు మూడవ మాటను కూడా కొంత సవరించుకొనవలసిన అవసరాన్ని కలిగించాయి. ఆ సంగతులను వరుసగా పరిశీలిద్దాం.

ప్రతి జాతికి ఒక గడువు

ఉత్తర తెలంగాణలో పత్తి వ్యాపారానికి పేరుపడిన ఊరు జమ్మికుంట. పత్తి ఏరే కాలంలో అక్కడి మార్కెట్టు యార్డు తెల్లని రాసులతో నిండిపోతుంది. ఆ పత్తిని ఇచ్చిన మొక్క తొలకరికి మొలిచి, ఎండాకాలం ముదరకముందే పత్తికట్టెగా మారి చేను విడుస్తుంది. దాని జీవితం ఒక్క పంటకాలం. కాని పత్తిజాతికి ఇది మొదటినుండి ఉన్న గడువు కాదు. అడవి పత్తి జాతులు ఏండ్ల తరబడి బ్రతికే పొదలు. త్వరగా పూచి త్వరగా కాసే మొక్కల విత్తనాన్నే రైతులు తరతరాలుగా ఎంచి దాచుకొంటూ వచ్చినందువల్ల అది ఏడాది పంటగా సాగుకు లొంగింది. ఎప్పుడు పూయవలెను, ఎప్పుడు కాయవలెను అనే జీవితక్రమం విత్తనంలోనే ఉన్నదనుటకు ఇది చక్కని నిదర్శనం. అయితే ఇంకొక సంగతి కూడా గమనించాలి. చేనును దున్నకుండా, తేమ తగ్గకుండా చూస్తే ఈనాటి పత్తిమొక్క సయితం మోడు నుండి మళ్ళీ చిగుర్చగలదు. అంటే దాని ఆయుష్షు విత్తనంలో కొంత, చేనిలో కొంత ఉన్నదన్నమాట.

జంతువులలోనూ ఇదే తీరు. ఎలుకను ఎంత జాగ్రత్తగా సాకినా రెండు మూడేండ్లకు మించి బ్రతుకుట అరుదు. ఏనుగు 60, 70 ఏండ్లు బ్రతుకుతుంది. ఉత్తర ధ్రువ సముద్రాలలోని బోహెడ్ తిమింగలం 200 ఏండ్లు దాటి బ్రతకగలదు. ఇవన్నీ గాలి పీల్చి, పాలిచ్చి పిల్లలను పెంచే జంతువులే. ఆహారం, రక్షణ సమానంగా ఇచ్చినా ఎలుక ఏనుగంత కాలం బ్రతకదు. ఈ తేడా వాటి శరీర నిర్మాణంలోనే ఉన్నది, ఆ నిర్మాణపు నమూనా వాటి జన్యువులలో ఉన్నది. మానవజాతిలో తగిన పత్రాలతో రుజువైన అత్యధిక ఆయుష్షు ఫ్రాన్సు దేశపు జాన్ కాల్మాఁ అనే స్త్రీది. ఆమె 1875లో పుట్టి 1997లో తన 122వ ఏట మరణించింది.

జన్యువుల సంగతి

మన శరీరంలోని దాదాపు ప్రతి జీవకణంలోను కేంద్రకమనే భాగం ఉంటుంది. దానిలో 46 క్రోమోసోములు, అనగా 23 జతలు ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి సంక్రమిస్తుంది. క్రోమోసోములో డి.ఎన్.ఏ. అనే పొడవైన అణువు ఉంటుంది. మెలితిరిగిన నిచ్చెనవంటి దాని ఆకారాన్ని 1953లో వాట్సన్, క్రిక్ అనే శాస్త్రజ్ఞులు వివరించారు. ఈ అణువులో నాలుగు రకాల క్షారాలు ఒకదాని వెంట ఒకటి అమరి ఉంటాయి. వీటిని నాలుగక్షరాల లిపిగా భావించవచ్చు. ఒక మాంసకృత్తును ఎట్లా తయారు చేయాలో తెలిపే అక్షరాల వరుసయే సామాన్యంగా జన్యువు అనబడుతుంది. మానవునిలో మాంసకృత్తులను తయారు చేయించే జన్యువులు సుమారు 20,000 ఉన్నాయి.

ఈ జన్యువులలో "ఇతడు 80 ఏండ్లు బ్రతుకును" అని వ్రాసినది ఒక్కటి కూడా లేదు. రక్తం ఎట్లా ఉండవలె, గుండె కండరం ఎట్లా అల్లుకొనవలె, దెబ్బతిన్న కణాన్ని ఎట్లా బాగుచేయవలె అనే సూచనలు మాత్రమే ఉన్నాయి. ఆయుష్షు ఈ పనులన్నిటి మొత్తం ఫలితం.

కవలలు చెప్పిన సాక్ష్యం

ఒక కుటుంబంలో తాత, తండ్రి, కొడుకు దీర్ఘకాలం బ్రతికితే అది జన్యువుల చలవ అనుకొనుట సులభం. కాని వారు ఒకే ఇంటిలో ఒకే తిండి తిని, ఒకే బావి నీరు త్రాగినవారు. ఇంటి మేలును రక్తపు మేలుగా పొరబడవచ్చు. ఈ చిక్కును విడదీయుటకు శాస్త్రజ్ఞులు కవలలను పరిశీలించారు. ఒకే అండం నుండి ఏర్పడిన కవలలకు జన్యువులన్నీ దాదాపు సమానం. రెండు అండాల నుండి ఏర్పడిన కవలలు సామాన్యమైన తోబుట్టువులవలె సగటున సగం మాత్రమే పంచుకొంటారు. మొదటి రకం కవలల ఆయుష్షులు రెండవ రకంవారి ఆయుష్షులకన్న ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తే జన్యువుల పాలు తెలుస్తుంది.

డెన్మార్కు దేశంలో 1870 – 1900 మధ్య పుట్టిన కవలల వివరాలతో చేసిన పరిశీలన 1996లో వెలువడింది. ఆయుష్షులోని తేడాలలో జన్యువుల పాలు పురుషులలో 26 శాతం, స్త్రీలలో 23 శాతం అని అందులో తేలింది. 2018లో కోట్లకొలది వ్యక్తుల వంశవృక్షాలను కలిపి లెక్కించిన మరొక పరిశీలన ఈ పాలు 10 శాతం కంటె తక్కువే అన్నది. భార్యాభర్తలు అలవాట్లలోను, సంపదలోను ఒకరినొకరు పోలి ఉండటంవల్ల వచ్చే పోలికను కూడా పూర్వపు లెక్కలు జన్యువుల ఖాతాలో వేశాయని ఆ పరిశీలకుల వాదన. అంటువ్యాధులు, ప్రమాదాలు మొదలగు బయటి కారణాలవల్ల కలిగిన మరణాలను లెక్కనుండి తీసివేస్తే మాత్రం ఈ పాలు సగం వరకు పెరుగుతుందని ఇటీవల మరికొందరు చూపినారు.

ఇట్లా లెక్కలు మారుటలో వింత లేదు. ఈ శాతానికి అర్థాన్ని సరిగా గ్రహిస్తే చాలు. 25 శాతమనగా నూరేండ్ల జీవితంలో 25 ఏండ్లు జన్యువులు ఇచ్చినవి, 75 ఏండ్లు తిండి ఇచ్చినది అని కాదు. మనుషులకు మనుషులకు మధ్య కనిపించే తేడాలో ఎంత భాగం జన్యువులవల్ల వచ్చింది అని మాత్రమే. ఒక ఉదాహరణ చూడండి. పలు రకాల పత్తి గింజలను కలిపి ఒకే నల్లరేగడి చేనులో విత్తినామనుకొందాం. ఎరువు, నీరు, ఎండ అన్నిటికి సమానం. అప్పుడు మొక్కల ఎత్తులలో కనిపించే తేడా చాలవరకు గింజవల్ల వచ్చినదే. అదే గింజల మూటలో సగం రేగడిలోను, సగం వానకు ఎదురు చూచే చెలకలోను విత్తితే తేడాలో పెద్ద భాగం నేలవల్ల వస్తుంది. గింజలు మారలేదు, శాతం మాత్రం మారింది. వ్యాధులు, కరువులు అందరికీ ఒకే తీరుగా తగ్గిన సమాజంలో జన్యువుల పాలు పెరిగినట్లు కనిపించటం, కష్టాలు కొందరికే ఉన్న సమాజంలో తగ్గినట్లు కనిపించటం ఈ కారణంచేతనే.

డెబ్బది ఏండ్లలో మారినదేమిటి?

1941 – 50 దశాబ్దంలో భారతీయుని సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏండ్లు. 2016 – 20 నాటికి అది 70 ఏండ్లకు చేరింది. రెండింతలకు మించిన ఈ పెరుగుదల మూడు నాలుగు తరాలలో కలిగింది. ఇంత కొద్ది కాలంలో ఒక జాతి జన్యువులు మారవు. మారినవి నేలకు సంబంధించిన విషయాలే. మశూచి అంతరించింది. మలేరియా తగ్గింది. పిల్లలకు టీకాలు వచ్చాయి. కాన్పులు ఆసుపత్రులకు మారాయి. త్రాగునీరు మెరుగైంది.

ఇక్కడ ఒక పొరపాటు తరుచుగా జరుగుతుంది. సగటు ఆయుర్దాయం 32 అనగానే ఆనాటివారందరు 32 ఏండ్లకే ముసలివారై పోయారని విద్యార్థులు అనుకొంటారు. పసితనంలో మరణించినవారు ఎక్కువగా ఉండటంవల్ల సగటు అంత తగ్గింది. బాల్యం గట్టెక్కినవారిలో 60, 70 ఏండ్లు బ్రతికినవారు ఆనాడు కూడా ఉన్నారు. కాబట్టి గడచిన శతాబ్దపు విజయం ముసలితనాన్ని జయించుట కాదు. ముసలితనం వరకు చేరగలుగుటయే ఆ విజయం. చేరిన పిమ్మట జన్యువుల ప్రభావం మరింత స్పష్టమవుతుంది.

అరుగుదల, మరమ్మతు

ఇల్లు పాతబడినట్లే శరీరం కూడా పాతబడుతుంది. కాని ఇంటికి లేని గుణం ఒకటి శరీరానికి ఉన్నది. అది తనను తానే మరమ్మతు చేసుకొంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, శరీరంలోనే పుట్టే చురుకైన ఆక్సిజన్ పదార్థాలు, పొగాకు పొగ మొదలగునవి కణాలలోని డి.ఎన్.ఏ.ను అనుదినం దెబ్బతీస్తూనే ఉంటాయి. దెబ్బతిన్న అక్షరాన్ని కత్తిరించి, సరియైనదానిని అతికించే ఎంజైములు కణంలో ఉన్నాయి. వాటిని తయారు చేయించేవి కూడా జన్యువులే.

ఈ విషయంపై హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు, ఆయన సహచరులు దీర్ఘకాలం కృషి చేశారు. మెదడులోని నాడీకణాలు విభజన చెందవు. పాడైన కణం స్థానంలో కొత్తది వచ్చే అవకాశం సామాన్యంగా లేదు. కాబట్టి వాటికి మరమ్మతే ప్రాణాధారం. వారు ఎలుకల మెదడు కణాలను పరిశీలించి, వయస్సు పెరిగినకొలది ఈ మరమ్మతు శక్తి తగ్గుతున్నదని, డి.ఎన్.ఏ. పోలిమరేజ్ బీటా అనే ఎంజైము తగ్గుట దీనికి ఒక ముఖ్య కారణమని చూపినారు. లోపించిన ఎంజైములను పరీక్షనాళికలో చేర్చినప్పుడు మరమ్మతు తిరిగి పుంజుకొన్నది.

మరమ్మతు జన్యువే పుట్టుకతో చెడిపోతే ఏమగును? వెర్నర్ వ్యాధి దీనికి సమాధానం. ఇందులో ఇరువది ముప్పది ఏండ్లకే జుట్టు నెరసి, కంటిలో శుక్లాలు ఏర్పడి, రక్తనాళాలు గట్టిపడతాయి. దీనికి కారణమైన జన్యువును 1996లో గుర్తించారు. అది డి.ఎన్.ఏ. మెలికలను విప్పే ఎంజైముకు సంబంధించినది.

కణాలకు మరొక హద్దు కూడా ఉన్నది. మానవ కణాలను ప్రయోగశాలలో పెంచితే అవి సుమారు 50 సార్లు విభజన చెంది ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు తెలిపినాడు. క్రోమోసోముల కొనలకు టెలోమియర్లు అనే తొడుగులు ఉంటాయి. చెప్పులత్రాడు కొనకు ఉండే బిళ్ల త్రాడు పీచులు పోకుండ కాపాడినట్లు ఇవి క్రోమోసోమును కాపాడుతాయి. విభజన జరిగినప్పుడల్లా ఇవి కొంత కురుచనవుతాయి. ఈ తొడుగులను, వాటిని తిరిగి పెంచే టెలోమరేజ్ ఎంజైమును వివరించినందుకు బ్లాక్‌బర్న్, గ్రైడర్, షోస్టక్ అనువారికి 2009లో నోబెల్ బహుమతి లభించింది. ఆ ఎంజైమును ఎల్లవేళలా పనిచేయించి చిరంజీవులము కావచ్చునని కొందరు ఊహించవచ్చు. కాని క్యాన్సరు కణాలు అంతులేకుండా పెరిగేది చాలవరకు ఈ ఎంజైము సాయంతోనే. ఆ హద్దు మనకు శాపమే కాదు, రక్షణ కూడా.

ఒక్క జన్యువు మారితే ఆయుష్షు పెరగగలదా? మట్టిలో నివసించే ఒక మిల్లీమీటరు పొడవుగల నులిపురుగులో పెరగగలదు. ఇన్సులిన్ వంటి హార్మోనుల సందేశాన్ని అందుకొనే ఒక జన్యువు బలహీనపడితే ఆ పురుగు రెండింతల కాలం బ్రతుకుతుందని 1993లో సింథియా కెన్యన్ బృందం ప్రకటించింది. మనుషులలో ఆ దారికే చెందిన ఫాక్సో 3 అనే జన్యువు యొక్క ఒక రూపం దీర్ఘాయుష్కులలో కొంత ఎక్కువగా ఉన్నదని 2008లో హవాయి దీవులలోని జపాను సంతతివారిని పరిశీలించి తెలిపినారు. అయితే మనిషిలో దాని ప్రభావం పురుగులో ఉన్నంత లేదు. మనిషి దీర్ఘాయుష్షు ఒక్క మూలవిరాట్టు గల గుడి కాదు. వందలకొలది జన్యువులు తలా ఒక చెయ్యి వేసిన పందిరి.

ప్రకృతి ఎందుకు ఊరుకొన్నది?

హాని చేసే జన్యువులను ప్రకృతి వరణం ఏరివేస్తుందని డార్విను సిద్ధాంతాన్ని చదివినవారు ఎరుగుదురు. మరి ముసలితనంలో జబ్బులు కలిగించే జన్యువులు ఇన్ని తరాలుగా ఎట్లా నిలిచాయి? జె.బి.ఎస్. హాల్డేన్, పీటర్ మెడవార్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞులు దీనికి దారి చూపినారు. హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరంలో మరణించినాడు. వారి తర్కం ఇది. పిల్లలు పుట్టకముందే ప్రాణం తీసే జన్యువు తరువాతి తరానికి చేరదు. యాభై, అరవై ఏండ్లకు గాని బయటపడని జన్యువు అప్పటికే పిల్లలకు సంక్రమించి ఉంటుంది. వరణమనే జల్లెడ ముసలితనం వద్ద పలుచబడిపోతుంది.

దీనికి మన దేశంలోనే ఉదాహరణ దొరికింది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి చెందిన కె. తంగరాజ్, ఆయన సహచరులు 2009లో ఒక విషయాన్ని ప్రకటించారు. గుండె కండరంలోని ఒక మాంసకృత్తుకు సంబంధించిన జన్యువులో 25 అక్షరాలు లోపించిన రూపం దక్షిణాసియా ప్రజలలో సుమారు 100 మందిలో నలుగురికి ఉన్నది. ఇది గలవారిలో గుండె కండరపు జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. కాని చాలమందిలో నడివయస్సు దాటువరకు ఏ లక్షణము కనిపించదు. కొందరిలో ఎన్నడూ కనిపించదు. అట్టివారికి రక్తపుపోటు, పొగత్రాగుట, స్థూలకాయం వంటి అదనపు బరువులు లేకుండా చూచుకొనుట మరింత ముఖ్యం.

ఒక్క అక్షరం తప్పు

ఇంతవరకు చెప్పిన జన్యువులు ఆయుష్షును కొద్దికొద్దిగా అటుఇటు నెట్టేవి. ఒక్క అక్షరం మారినందువల్ల బాల్యంలోనే ప్రాణానికి ముప్పు తెచ్చే జన్యువులు కూడా ఉన్నాయి. జమ్మికుంట మీదుగా పోయే కాజీపేట – బల్లార్షా రైలుమార్గం ఉత్తరంగా సాగి మంచిర్యాల, ఆసిఫాబాదు ప్రాంతాలను దాటుతుంది. 2016లో నాలుగు జిల్లాలుగా ఏర్పడిన పాత ఆదిలాబాదు జిల్లా ఇది. ఇక్కడి గోండు, కొలాం మొదలగు గిరిజనులలో కొడవలి కణ రక్తహీనత అనే వంశపారంపర్య వ్యాధి కనిపిస్తుంది. ఈ వ్యాధి వారికే పరిమితం కాదు. ఆఫ్రికాలోను, అరబ్బు దేశాలలోను, మధ్య భారతమంతటను ఉన్నది. మన దేశంలో దీనిని మొదటిసారి 1952లో నీలగిరి ప్రాంతపు గిరిజనులలో గుర్తించారు.

ఎఱ్ఱ రక్తకణాలలో ఆక్సిజన్‌ను మోసే పదార్థం హీమోగ్లోబిన్. దాని బీటా గొలుసును తయారు చేయించే జన్యువు 11వ క్రోమోసోముపై ఉన్నది. అందులో ఒక్క అక్షరం మారితే గొలుసులోని 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ వచ్చి చేరుతుంది. ఈ మార్పును 1950ల చివరి భాగంలో ఇంగ్రామ్ అనే శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. మారిన హీమోగ్లోబిన్ ఆక్సిజన్ తగ్గినప్పుడు పొడవైన కడ్డీలుగా పేరుకొంటుంది. గుండ్రని కణం కొడవలివలె వంగి గట్టిపడుతుంది. అట్టి కణాలు సన్నని రక్తనాళాలలో ఇరుక్కొని భరింపరాని నొప్పులు కలిగిస్తాయి. ప్లీహం దెబ్బతిని శరీరం సూక్ష్మజీవులకు సులభంగా లొంగుతుంది. మామూలు ఎఱ్ఱకణం సుమారు 120 రోజులు బ్రతికితే కొడవలి కణం 10 – 20 రోజులే బ్రతుకుతుంది. కణపు ఆయుష్షు తగ్గి, దాని వెంట మనిషి ఆయుష్షు తగ్గుతుంది.

ఇంత చెడ్డ జన్యువు ఎందుకు నిలిచింది? తల్లినుండి గాని తండ్రినుండి గాని ఒక్కటే ఈ జన్యువు వచ్చినవారు సామాన్యంగా ఆరోగ్యంగానే ఉంటారు. వీరిని వాహకులు అంటారు. ప్రాణాంతకమైన మలేరియా నుండి వీరికి చాలవరకు రక్షణ ఉన్నదని 1954లో ఆలిసన్ అనే శాస్త్రజ్ఞుడు చూపినాడు. మలేరియా పీడిత అడవి ప్రాంతాలలో ఈ జన్యువు ఎందరినో బ్రతికించింది. ఒకటి ఉంటే కవచం, రెండు ఉంటే వ్యాధి. ఒకే జన్యువు ఆయుష్షును పెంచునా తగ్గించునా అనే ప్రశ్నకు జవాబు అది ఎక్కడ, ఎన్ని ఉన్నవి అనేదానిపై ఆధారపడి ఉన్నది.

తల్లిదండ్రులిద్దరు వాహకులైతే ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, వాహకత్వం సంక్రమించే అవకాశం సగం, ఏదీ లేకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. తరగతిలో దీనిని రెండు నాణేలతో చూపవచ్చు. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. బొమ్మ మామూలు జన్యువు, బొరుసు మారిన జన్యువు. నూరుసార్లు ఎగురవేసి వ్రాసుకొంటే రెండూ బొరుసులు పడినవి 25కు దగ్గరగా ఉంటాయి. ముందు ముగ్గురు ఆరోగ్యంగా పుట్టినారు గనుక నాలుగవ బిడ్డకు వ్యాధి తప్పదని గాని, ఒకరికి వ్యాధి వచ్చింది గనుక ఇక ముగ్గురికి భయం లేదని గాని అనుకొనుట తప్పని ఈ ఆటవల్ల తేలికగా తెలుస్తుంది. నాణేనికి జ్ఞాపకం లేదు.

అసలు విషయం ఇకమీదట ఉన్నది. ఈ వ్యాధిగల పసిపిల్లలకు క్రమంగా పెన్సిలిన్ ఇస్తే ప్రాణాంతకమైన న్యుమోకోకల్ అంటురోగాలు 84 శాతం తగ్గినాయని 1986లో అమెరికాలో ఒక పరీక్ష రుజువు చేసింది. ఆ పిల్లల జన్యువులు మారలేదు. వ్యాధి పుట్టుకలోనే తెలియటంవల్ల మందు వేళకు అందింది. తరువాత టీకాలు వచ్చాయి. హైడ్రాక్సీయూరియా అనే మందు శిశుదశనాటి హీమోగ్లోబిన్‌ను పెంచి నొప్పులను తగ్గిస్తున్నది. రక్తకణాలు త్వరత్వరగా తయారు కావలసి ఉండటంవల్ల రోగులకు ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇస్తారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1945లో కృత్రిమంగా తయారు చేసిన పదార్థమే ఇది. 2023 చివరలో ఇంగ్లండు, అమెరికా ప్రభుత్వాలు రోగి మూలుగ కణాల జన్యువునే సవరించే చికిత్సను ఆమోదించాయి. అది నేడు మిక్కిలి ఖరీదైనది. రక్తపరీక్ష మాత్రం చాల చౌక. భారత ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కొడవలి కణ వ్యాధి నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. 40 ఏండ్లలోపు 7 కోట్లమందికి పరీక్షలు చేయుట, 2047 నాటికి ఇది ప్రజారోగ్య సమస్యగా మిగలకుండ చేయుట దాని లక్ష్యాలు. ఎంచుకొన్న 17 రాష్ట్రాలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి.

మేనరికం లెక్క

పై వ్యాధివంటి లోపాలను అంతర్గత లోపాలు అనవచ్చు. జన్యువులు రెండూ మారితేనే అవి బయటపడతాయి. ఇటువంటి జన్యువులు కొన్ని దాదాపు ప్రతి మనిషిలోను ఒంటరిగా దాగి ఉంటాయి. భార్యాభర్తలు బంధువులు కాకపోతే ఇద్దరిలోను ఒకే లోపం ఉండుట అరుదు. మేనత్త కొడుకు, మేనమామ కూతురు పెండ్లాడితే వారిద్దరు తమ జన్యువులలో సగటున ఎనిమిదవ వంతును ఒకే తాత, అవ్వల నుండి పొంది ఉంటారు. మేనమామ, మేనకోడలు అయితే నాలుగవ వంతు. దాగిన లోపాలు జతకూడే అవకాశం ఆ మేరకు పెరుగుతుంది. పిఠాపురంలో జన్మించి, హాల్డేన్ వద్ద శిష్యరికం చేసిన ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికాలను, వాటి ఫలితాలను పరిశీలించి 1963లో ప్రకటించినాడు. మేనరికంవల్ల పుట్టిన పిల్లలలో అత్యధికులు ఆరోగ్యవంతులే. అయినా కుటుంబంలో ఇదివరకే వంశపారంపర్య వ్యాధి కనిపించి ఉంటే పెండ్లికి ముందు రక్తపరీక్ష, వైద్యుని సలహా తప్పనిసరి. ఇందులో ఏ కులానికి గాని, తెగకు గాని, కోడలికి గాని ఆపాదించవలసిన దోషమేదీ లేదు. బిడ్డకు వ్యాధి రావటానికి తండ్రి జన్యువు ఎంత కారణమో తల్లి జన్యువు అంతే కారణం.

వంశవృక్షం చెప్పేది, చెప్పనిది

ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఒక చిన్న పని చేయించవచ్చు. ప్రతి విద్యార్థి తన తాతమ్మల తరం నుండి కుటుంబ వంశవృక్షాన్ని గీసి, ఎవరు ఎన్నేండ్లు బ్రతికినారో, ఏ కారణంచేత మరణించినారో ఇష్టమున్నంతవరకు వ్రాయవలె. కలరా, కాన్పు, పాముకాటు, ప్రమాదం వంటి మరణాలను ఒక రంగుతోను, గుండెజబ్బు, మధుమేహం వంటివాటిని మరొక రంగుతోను గుర్తించవలె. పై తరాలలో మొదటి రంగు, క్రింది తరాలలో రెండవ రంగు ఎక్కువగా కనిపించవచ్చు. గుండెజబ్బు, మధుమేహం ఒకే శాఖలో మరల మరల కనిపిస్తే ఆ శాఖవారు నలుబదియవ ఏటికి ముందే రక్తపుపోటు, చక్కెర పరీక్షలు చేయించుకొనుట మంచిది. తండ్రికి వచ్చినది కొడుకుకు తప్పక వస్తుందని దీని అర్థం కాదు. ఏ వైపు కాపలా గట్టిగా ఉండవలెనో తెలిసిందని మాత్రమే అర్థం.

తరతరాల క్రింద మన పూర్వులు కూర్చిన విత్తనాన్ని మనం ఎన్నుకొనలేము. నేలను బాగుచేసుకొనుట మన చేతిలోనే ఉన్నది. కొడవలి కణపు బిడ్డ విషయంలో చూచినట్లు, విత్తనంలో ఏమున్నదో ముందుగా తెలిసికొని నేలను అందుకు తగినట్లు సిద్ధం చేయుట కూడా ఇప్పుడు సాధ్యమైంది. పుట్టిన వెంటనే మడమనుండి తీసిన ఒక్క రక్తపు బొట్టు ఒక బిడ్డకు ఎన్నో ఏండ్ల ఆయుష్షును కలుపగలదు. ఆ బొట్టును పరీక్షించే ఏర్పాటు ఉట్నూరు గూడెంలోని బిడ్డకు, హైదరాబాదు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు సమానంగా అందినప్పుడు, "ఆయుష్షు అంతే వ్రాసి ఉన్నది" అనే మాట మన ఇండ్లలో మరింత అరుదుగా వినిపిస్తుంది.